పారబోసే చోటు

వీధిలో అందరూ ఆమెను ముక్కమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకు తెలుసు, పట్టించుకోదు. ఆసుపత్రి వెనక సందులో ఆమెకో లాండ్రీ ఉంది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో రెండు ఉతికే మిషన్లు, పెరట్లో తీగల మీద ఎప్పుడూ ఆరుతూ ఉండే దుప్పట్లు. ఎవరైనా మూట తెచ్చి బల్ల మీద పెట్టగానే, ముడి విప్పకముందే ఆమె మొహం ముడుచుకుంటుంది. "ఇదేమిటండీ, తడి తువ్వాలు అలాగే చుట్టబెట్టి ఉంచేశారా?" అని మొహం మీదే అడిగేస్తుంది. పెద్దమనుషులు చూపు తిప్పుకుంటారు. కొందరు కోపం తెచ్చుకొని ఇంకో షాపుకి పోతారు. మళ్ళీ కొన్నాళ్ళకి వాళ్ళే వస్తారు, ఎందుకంటే ఆమె ఉతికిన బట్టకి ఏ వాసనా ఉండదు. సబ్బు వాసన కూడా.

భర్త పోయాక పెట్టిన షాపు అది. అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళ చెమటా, నెత్తురూ, వాంతులూ ఉతుకుతూనే ఉంది. ఈపాటికి అలవాటైపోయి ఉంటుందని చూసేవాళ్ళు అనుకుంటారు. కాలేదు. ఈనాటికీ లాడ్జి నుంచి వచ్చిన దుప్పట్ల మూట విప్పాలంటే ముక్కుకి గుడ్డ కట్టుకుంటుంది, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుంటుంది, ఊపిరి బిగబట్టి ఒక్క విసురున మిషన్లో పడేస్తుంది. ఆ తర్వాత పెరట్లోకి పోయి కాసేపు గాలి పీల్చుకుంటే గానీ మనిషి కాదు. ఒక్కోరోజు కంచం ముందు కూర్చుంటే ఏదో గుర్తొచ్చి ముద్ద దిగదు. ఇదంతా ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే షాపు నడుస్తుందా?

ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. ఇళ్ళ స్థలాల బేరాలు కుదుర్చుతాడు. మాటలతో కోటలు కట్టేస్తాడు. ఓ ఉదయం షాపుకొచ్చి, ఇస్త్రీ బల్ల అంచున కూర్చున్నాడు.

"అక్కా, సముద్రం పక్కనుంచి పోయే రోడ్డుంది చూడు, దాని మీద కొస దాకా వెళ్ళొద్దాం. క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుంటున్నా. మంచాలూ, పొయ్యీ, ఫ్రిజ్జూ, బాత్రూమూ అన్నీ అందులోనే. ఎక్కడ నచ్చితే అక్కడ ఆగడం, అక్కడే పడుకోవడం."

"నేనెందుకురా? మీ ఆవిడా నువ్వూ వెళ్ళండి."

"అత్తయ్యగారు కూడా వస్తున్నారు. నువ్వు లేకపోతే ఎలా? పుట్టి ఇన్నేళ్ళైంది, ఆ షాపు వదిలి ఎక్కడికైనా వెళ్ళావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. సముద్రం దగ్గరే అయినా, కొండల అంచున తిరిగే ఆ రోడ్డుని ఆమె బొమ్మల్లోనే చూసింది. తమ్ముడికి తన మీద ఇంత ప్రేముందా అని మురిసిపోయింది కూడా. షాపుకి తాళం వేసింది.

వ్యాన్లు అద్దెకిచ్చే యార్డు ఊరి చివర ఉంది. వ్యాను తలుపు తీసీ తియ్యగానే నిమ్మకాయ సెంటు వాసన గుప్పుమంది. సెంటు కింద ఇంకో వాసన ఉంది. ముక్కమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. పాత పాలు, తడిసిన పరుపు, ఎవరివో పాదాలు. ఫ్రిజ్జు తెరిస్తే అడుగున ఏదో కారి గోధుమరంగు జిగురులా గడ్డకట్టింది. సింకు కన్నంలో వెంట్రుకలు చుట్టలు చుట్టుకున్నాయి. పరుపు మీద దిండు తిప్పి చూసి, చూడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

"క్లీన్ చేశామమ్మా," అన్నాడు యార్డు ఆయన, చూయింగ్ గమ్ నములుతూ.

"దేంతో చేశారు? కళ్ళతోనా?"

ఆయన నవ్వేసి, బాత్రూం చూపించాడు. నిలబడితే మోచేతులు గోడలకి తగిలేంత ఇరుకైన అర. ప్లాస్టిక్ సీటు, దాని కింద సూట్‌కేసంత డబ్బా. నిండాక వ్యాను బయటివైపు చిన్న తలుపు తీసి ఆ డబ్బా లాగాలట. దారిలో క్యాంపులున్నాయి, అక్కడ పారబోసే చోటు కట్టి ఉంటుంది, అక్కడే పారబొయ్యాలి, ఇంకెక్కడా పొయ్యకూడదు అని రెండుసార్లు చెప్పాడు. తమ్ముడు "అలాగే, అలాగే" అంటూ తాళంచెవి అందుకున్నాడు.

ముక్కమ్మ చేతి తొడుగులు వేసుకొని ఫ్రిజ్జూ సింకూ కడిగింది, దిండ్లకి ఇంటినుంచి తెచ్చిన గలీబులు వేసింది. తమ్ముడూ మరదలూ బయట నిలబడి ఫొటోలు దిగారు. "మా వదిన ఉంటే ఇంక బెంగేముంది!" అంది మరదలు. మరదలి తల్లి అయిన పెద్దావిడ మాత్రం కిటికీ పక్కన ఒదిగి కూర్చొని, "నేనేమైనా తుడవనా అమ్మాయ్?" అని అడిగింది. చిన్న గొంతు. మోకాళ్ళ నొప్పులు. కూతురింట్లో ఉండేవాళ్ళకి వచ్చే ఒక రకం జాగ్రత్త ఆవిడ కూర్చునే తీరులోనే ఉంది.

మొదటి రోజు రోడ్డు నిజంగానే బాగుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క కిందెక్కడో నీళ్ళు నురగలు కక్కుతూ. ముక్కమ్మ కిటికీ అద్దం దించి మొహం బయటికి పెట్టింది. ఉప్పుగాలి. ఆ గాలికి ఆమె ముక్కు ఏ వంకా పెట్టలేకపోయింది.

వ్యాను లోపల వేరే సంగతి. తమ్ముడు నడుపుతూనే తింటాడు, తింటూనే మాట్లాడతాడు, తిన్న కవరు కిటికీలోంచి విసిరేస్తాడు. తొక్కలు, ఎముకలు, తుడుచుకున్న కాగితాలు, అన్నీ రోడ్డు మీదికే. "ఒరేయ్!" అంటే "గాలికి పోతాయిలే అక్కా" అంటాడు. మరదలు గోళ్ళు కత్తిరించుకొని ముక్కలు వంట గట్టు మీదే వదిలేసింది. ముక్కమ్మ గుడ్డ తెచ్చి గట్టంతా తుడిచింది. ఎవరూ ఆపమనలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దావిడ బాత్రూంలోకి వెళ్ళింది. ఆ అరకి తలుపంటే తలుపు కాదు, అట్ట. ఆవిడ బయటికి వచ్చేసరికి తమ్ముడు అన్ని కిటికీలూ బార్లా తెరిచి, తల బయటికి పెట్టి, ఊపిరాడనట్టు గొంతు పట్టుకొని నటిస్తున్నాడు. "అత్తయ్యగారూ, సముద్రంలో చేపలు కూడా తేలిపోయాయండీ!" మరదలు పగలబడి నవ్వింది. ముక్కమ్మ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకొని ఉంది. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వింది. పెద్దావిడ కూడా నవ్వబోయి, ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పట్నుంచి రూలు," అన్నాడు తమ్ముడు. "మరీ అత్యవసరమైతేనే అది వాడాలి. పెట్రోలు బంకులున్నాయి కదా. డబ్బా నిండితే ఎవడు మొయ్యాలి?"

ఆ రోజు పెద్దావిడ కాఫీ వద్దంది. మధ్యాహ్నం రొట్టె వద్దంది, ఆకలి లేదంది. ఎండ మండిపోతోంది. ముక్కమ్మ నీళ్ళ సీసా ఇస్తే పెదాలకి ఆనించి వెనక్కి ఇచ్చేసింది. సీసాలో నీళ్ళు తగ్గలేదు. సాయంత్రం దిగబోతూ మెట్టు తప్పి తూలితే ముక్కమ్మ పట్టుకుంది. చెయ్యి కాలుతోంది. పెదాలు పొట్టు రేగి ఉన్నాయి.

"నీళ్ళెందుకు తాగట్లేదు అత్తయ్యగారూ?"

"తాగితే మళ్ళీ వెళ్ళాలి కదమ్మా." ఆవిడ కూతురున్న వైపు చూసి గొంతు తగ్గించింది. "బంకుల్లో అన్నీ కింద కూర్చునేవే, నా మోకాళ్ళు వంగవు. రెండ్రోజులే కదా, ఓర్చుకుంటా."

ముక్కమ్మకి పొద్దున తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. చేతిరుమాలు తీసి చూసుకుంది. దాన్ని ముక్కుకి పెట్టుకున్నది తనే. ఊళ్ళోవాళ్ళ మురికిని ఏవగించుకున్నట్టు తనని తాను ఏవగించుకోవడం ఆమెకు అదే మొదలు.

తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. "ఆవిడ నీళ్ళు మానేసింది, తెలుసా? దగ్గర్లో క్యాంపెక్కడుందో చూడు. డబ్బా పారబోసి, కడిగి పెడదాం. ఆవిడ హాయిగా వెళ్తుంది."

"క్యాంపుకి వెనక్కి పోవాలక్కా. రేపు సూర్యుడు దిగేలోపల కొస దగ్గర ఉండాలి మనం. అయినా నువ్వున్నావు కదా, కావాలంటే నువ్వే ఏదో ఒకటి చెయ్యి. నీకు అలవాటే కదా ఇలాంటివన్నీ. అందుకేగా నిన్ను..."

"ఏమండీ!" అని మరదలు అతని మోచెయ్యి గిల్లింది. మాట అక్కడ ఆగిపోయింది. ఆగినా చేరాల్సిన చోటికి చేరింది. ముక్కమ్మకి తనని ఎందుకు పిలిచారో ఇప్పుడు తేటతెల్లమైంది.

మర్నాడు ఓ కొండ మలుపు దగ్గర తమ్ముడు వ్యాను ఆపాడు. ఫొటోలకి అనుకున్నారు. అతను దిగి, బయటి చిన్న తలుపు తీసి, ఆ డబ్బా లాగి, మొహం పక్కకి తిప్పుకొని రోడ్డంచు దాకా మోసుకుపోయాడు. ముక్కమ్మకి విషయం తెలిసి "వద్దురా!" అని అరిచేలోపలే మూత తిప్పి వంచేశాడు.

కింద బండల మీద కొందరు ఆడవాళ్ళు వంగి ఆల్చిప్పలు గీకి బుట్టల్లో వేసుకుంటున్నారు. పైనుంచి కనిపించరు, అంచు మీంచి తొంగిచూస్తేనే కనిపిస్తారు. అతను తొంగిచూడలేదు. వాసన రాకుండా డబ్బాలో పోసే నీలం మందు కలిసిన ఆ రోత బండల మీదుగా జారి, చింది, ఒకామె వీపు మీదా బుట్టలోనూ పడింది. ఆమె తలెత్తి చూసింది. కాసేపు అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. వాసన తగిలాక అర్థమైంది.

కింద కేకలు మొదలయ్యాయి. తమ్ముడు డబ్బా లోపల పడేసి, "ఎక్కండి, ఎక్కండి, త్వరగా!" అన్నాడు. అతని చేతులు తడిగా ఉన్నాయి. ప్యాంటుకి తుడుచుకొని స్టీరింగు పట్టుకున్నాడు.

ముక్కమ్మ ఎక్కలేదు. లోపలికి చెయ్యి చాపి, "అత్తయ్యగారూ, దిగండి," అంది. పెద్దావిడ ఒకసారి కూతుర్ని చూసింది. కూతురు అద్దంలో ముంగురులు సర్దుకుంటున్నట్టు చూపు తిప్పేసుకుంది. ఆవిడ దిగింది. ముక్కమ్మ ఆవిణ్ణి నీడలో ఓ రాయి మీద కూర్చోబెట్టి, కాలిబాట పట్టుకొని కిందికి పోయింది. వెనక హారన్ మోగింది, మోగింది, ఆగిపోయింది. తర్వాత వ్యాను వెళ్ళిన చప్పుడు.

కింద ఆ మనిషి పైబట్ట తీసేసి, బండ పక్క నీళ్ళలో మెడా చేతులూ రుద్దుకుంటోంది.

"మీవాడేనా?" అంది తలెత్తకుండా.

"నా తమ్ముడు."

"మేమిక్కడున్నామని చూడలేదా?"

"చూడలేదు. చూసుంటే ఇంకో మలుపులో పోసేవాడు." ముక్కమ్మకి అబద్ధం రాలేదు. "క్షమించమ్మా."

"నీ క్షమాపణ నేనేం చేసుకోను? బుట్టెడు పోయింది. రేపు ఈ బండ మీద గీకినవి ఎవరు తింటారు?"

ముక్కమ్మ ఆమె పైబట్ట తీసుకుంది. తొడుగుల్లేవు, ముక్కుకి గుడ్డ లేదు. వట్టి చేతులతో ఉప్పునీళ్ళలో తొక్కి, పిండి, మళ్ళీ తొక్కింది. మధ్యలో రెండుసార్లు పక్కకి పోయి వాంతి చేసుకొని వచ్చింది. ఎవరో బకెట్టిస్తే బండలు కడిగింది. వాళ్ళలో ఒక్కరూ ఆమెను మెచ్చుకోలేదు, చాల్లెమ్మనలేదు. బట్ట తిరిగి ఇస్తే ఆ మనిషి అందుకొని, వాసన చూసి, మారుమాట లేకుండా బండ మీద ఆరేసుకుంది.

ఆ సాయంత్రం ముక్కమ్మా పెద్దావిడా బస్సు పట్టుకొని ఓ చిన్న ఊళ్ళో లాడ్జిలో దిగారు. గదిలో ఓ మంచం, ఓ ఫ్యాను, మోకాళ్ళు వంచక్కర్లేని బాత్రూం. పెద్దావిడ గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగింది. గడ్డం మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు.

"నేనూ నవ్వానండీ మిమ్మల్ని చూసి," అంది ముక్కమ్మ.

"చూశాన్లే అమ్మాయ్," అందావిడ. పర్వాలేదు అనలేదు.

ఊరికొచ్చాక పెద్దావిడ కొన్నాళ్ళు లాండ్రీ వెనక గదిలోనే ఉంది. కూతురు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "నలుగురూ ఏమనుకుంటారమ్మా" అని ఏడ్చి తీసుకెళ్ళింది. వెళ్ళక ఆవిడ మాత్రం ఎక్కడికి పోతుంది?

తర్వాత తమ్ముడు ఇంటికి కొత్తగా రంగులు వేయించి నలుగురినీ భోజనానికి పిలిచాడు. ముక్కమ్మ వెళ్ళేది కాదు. పెద్దావిడ ఫోన్ చేసి, "నిన్ను చూడాలని ఉంది" అంటే వెళ్ళింది. హాల్లో గోడకి పెద్ద ఫొటో వేలాడుతోంది. ఎర్రగా సూర్యుడు, సముద్రం, తమ్ముడూ మరదలూ చేతులు చాపి. చుట్టాలంతా దాని చుట్టూ మూగారు.

"మీరూ వెళ్ళారటగా," అన్నాడు తమ్ముడి స్నేహితుడొకడు, కంచం పట్టుకొని. "ఎలా ఉంది ప్రయాణం?"

"రోతగా ఉంది," అంది ముక్కమ్మ.

"మా అక్క జోకులు ఇలాగే ఉంటాయి," అన్నాడు తమ్ముడు గబగబా.

ముక్కమ్మ చెప్పింది. పెద్దావిడ నీళ్ళు మానెయ్యడం, డబ్బా, మలుపు, కిందున్న ఆడవాళ్ళు, బుట్ట. గొంతు పెంచలేదు, ఏదీ దాచలేదు, తన నవ్వు కూడా. స్నేహితుడు కంచం మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు తమ్ముడు. మొహం కందగడ్డలా ఉంది. "అందరూ చేసేదే! కావాలంటే అత్తయ్యగారిని అడగండి, ఆవిడకేం ఇబ్బంది కలిగిందో!"

అందరూ మూలన కుర్చీలో ఉన్న పెద్దావిడ వైపు తిరిగారు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకొని నిటారుగా కూర్చుంది.

"అమ్మాయి చెప్పింది నిజమే," అంది.

ముక్కమ్మ చెప్పులేసుకొని బయటికి వచ్చింది. చెప్పేసినందుకు గుండె తేలికపడుతుందనుకుంది. పడలేదు. కొత్త రంగుల వాసన మెట్ల దాకా వెంట వచ్చింది. వీధి మొదట్లో కుళాయి కనిపిస్తే ఆగి, మొహం మీద నీళ్ళు కొట్టుకొని, ఇంటి దారి పట్టింది.