బాయి వెనక్కి తిప్పించిన బస్సు

ఈ రోజు పొద్దున, మహారాష్ట్రలోని హిమాయత్‌నగర్ దాటాక వచ్చే పాడుబడ్డ గుడిలో, నేల రాతి గుంటలో నిలిచిన వాన నీళ్ళలో చెయ్యి ముంచాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడుగున సన్నటి ఇసుక తగిలింది, అంచు మాత్రం నున్నగా ఉంది. చుట్టూ మా మ్యూజియం సభ్యులు నిలబడి, నేనేం చెబుతానా అని చూస్తున్నారు. ఆ నునుపు వేలికి తగలగానే సులోచనా బాయి గుర్తొచ్చారు. గుర్తు రాకపోతే ఎక్కణ్ణుంచో గొడుగు మొనతో పొడిచి మరీ గుర్తుచేసేవారే!

మా వైపు చదువు చెప్పే ఆడవాళ్ళను బాయి అంటారు. ఈ బాయిది ధర్మాబాద్‌లో తెలుగు మాట్లాడే ఇల్లు. నాందేడ్‌లో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పి రిటైరయ్యాక, మా చిన్న మ్యూజియం సభ్యులను నెలకోసారి బస్సులో కోటలకూ గుళ్ళకూ తీసుకెళ్ళి చూపించేవారు. నేను ఆఫీసులో గుమస్తాను. యాత్రలో నా పని తలలు లెక్కపెట్టడం, నీళ్ళ డబ్బాలు ఎక్కించడం. బాయికి ఒక నియమం ఉండేది. తిరుగు దారిలో బస్సులో ఉన్న ప్రతి మనిషీ, డ్రైవరుతో సహా, ఆ రోజు తన కంటితో చూసిన సంగతి ఒకటి చెప్పాలి. విన్నది చెప్తే చెల్లదు. నా వంతు వచ్చినప్పుడల్లా తప్పించుకునేదాన్ని.

"నేను చూసేటందుకు రాలేదు బాయీ, లెక్కపెట్టేటందుకు వచ్చిన."

"మరి కండ్లు గూడ జీతానికి పెట్టినవా గంగామణీ?" అనేవారు. బస్సంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ మాట నాకు లోపల గుచ్చుకునేది.

ఎందుకంటే చెప్పాల్సిన మాట ఒకటి నా నోట్లోనే ఉండిపోయింది. ఈ గుడి నేలలో ఏడు గుంటలున్నాయి. ఏడు దీపాలని బాయి చెప్పేవారు. నూనె పోసి లావు ఒత్తులు వేసి వెలిగిస్తే, ఆ వెలుగు ఊరి దాకా కనబడేదని ఎంత బాగా చెప్పేవారంటే, పట్టపగలే సభ్యులు గుంటల్లోకి వంగి వెలుగు కోసం చూసేవాళ్ళు. మ్యూజియం కరపత్రం మీద కూడా 'ఏడు దీపాల గుడి' అనే వేశారు. నేను మొదటిసారి చూసినప్పుడే అవి రోళ్ళని నాకు తెలిసిపోయింది. మాది ఇస్లాపూర్ దగ్గర కూలి బతుకు. అమ్మ పక్కన నిలబడి రోకలి వేసి పెరిగిన చేతులివి. కానీ అంత చదువుకున్న మనిషిని, అంతమంది పెద్దవాళ్ళ ముందు కాదనడానికి నేనెవర్ని? ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే పెద్ద భయం, బాయి నన్ను నవ్వుతూ పలకరించడం మానేస్తారని.

మూడోసారి వచ్చినప్పుడు ఎలా తెగించానో తెలియదు. తిరుగు దారిలో నా వంతు రాగానే అనేశాను. "బాయీ, అవి దీపాలు గావు. రోళ్ళు."

బాయి నా వైపు కాసేపు చూసి, డ్రైవరుతో "బండి వెనుకకు తిప్పు" అన్నారు. అందరికీ ఆకలి మండుతోంది. అయినా డ్రైవరు బండి తిప్పేశాడు. గుడికి చేరాక బాయి, మెట్లెక్కడానికే మొరాయించే ఆ మోకాళ్ళతో నేల మీద చతికిలబడి, గుంటలో మణికట్టు దాకా చెయ్యి పెట్టారు.

"ఎట్ల తెలుసు?"

"మసి లేదు, జిడ్డు లేదు. అంచు ఒక్క దిక్కే అరిగింది చూడుండ్రి. నిలవడి దంచితే రోకలి మనిషి దిక్కే రాసుకుంటది."

బాయి ఏడు గుంటలూ తడిమారు. నాందేడ్ దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి, సభ్యుల రిజిస్టరు నా ముందు పెట్టారు. "ఆ గుడికి నాతోని వచ్చినోళ్ళందరికి ఫోన్ చెయ్యి. మళ్ళ రావాలె. తప్పు చెప్పిన జాగలనే నిలవడి తప్పని చెప్పాలె." అక్కడే ఉన్న ఒక రిటైర్డ్ ఇంజినీరు సారు నచ్చజెప్పబోయారు. దీపాలంటేనే అందంగా ఉంది కదా బాయీ, వదిలెయ్యండి అన్నారు.

"అందంగుందనే నేను గూడ నమ్మిన" అన్నారు బాయి. ఆ మాట అంటూ రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచారు. తప్పు ఒప్పుకోవడం ఆవిడకు తేలికేమీ కాదని నాకప్పుడే తెలిసింది. కాసేపటికి నా వైపు తిరిగి, "మీ అమ్మను తీస్కరా" అన్నారు.

"సదువుకున్నోళ్ళ బస్సుల నాకేం పని?" అని అమ్మ మొండికేసింది. బతిమాలి ఎక్కిస్తే, బాయి తను కూర్చునే ముందు సీటు అమ్మకిచ్చి, వెనక సభ్యుల మధ్య కూర్చున్నారు. గుడి దగ్గర అమ్మ చెప్పులు విడిచి, గడప బయటే ఆగిపోయింది. గుళ్ళ గడపల బయట ఆగడం మావాళ్ళ కాళ్ళకు అలవాటైన పని. రమ్మంటే రాదని బాయికి అర్థమైంది.

"అక్కా, నా మోకాళ్ళు పని చేస్తలేవు. జర పట్టుకొని నన్ను లోపటికి తీస్కపో" అంటూ అమ్మ భుజం మీద బరువంతా వేశారు. బాయిని నడిపిస్తూ నడిపిస్తూ అమ్మ లోపలికి వచ్చేసింది.

గుంట చుట్టూ వేలు తిప్పి చూసింది. "రోలే. మా అమ్మ చెప్పేది, కరువుల కూలోళ్ళందరు ఒక గుళ్ళె ఉన్నరంట, ఆడనే జొన్నలు దంచుకున్నరంట. ఇదేనో ఏమో. దేవుడు లేని గుడి గనుక మమ్ముల ఉండనిచ్చిండ్రు."

బాయి ఆ మాటలన్నీ తెలుగు రాని సభ్యులకు మరాఠీలో చెప్పారు. చివరి మాట దగ్గర కొంచెం ఆగారు. దాన్ని మింగేస్తారేమో అనుకున్నాను. మింగలేదు, రెండుసార్లు చెప్పారు. ఫొటోలు తీస్తున్న వాళ్ళు ఫోన్లు దించేశారు. "ఇన్నేండ్లు మీకు నేను తప్పు చెప్పిన. ఇయ్యాల ఈడ పండితురాలు ఈమె, నేను గూడ మీలెక్క సభ్యురాలినే" అన్నారు. అమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

బాయి పోయారు. ఇప్పుడు బస్సులో మైకు నా చేతిలో ఉంది, బాయి గొడుగు కూడా. ఈ గుడికి వచ్చిన ప్రతిసారీ మొదట దీపాల కథ చెబుతాను, తర్వాత రోళ్ళ సంగతి చెబుతాను, ఆ తర్వాత బాయి బస్సు తిప్పించిన సంగతి చెబుతాను. చివర్లో గోడ మీద చెక్కిన బొమ్మ చూపించి దాని కథా చెబుతాను. తెలిసినట్టు మాట్లాడడం నాకూ అలవాటైపోయింది. అందుకే నా మాటలు నాకే మరీ అందంగా వినబడితే, కాస్త అనుమానపడతాను.

ఈ రోజు గుడి చూసి బయల్దేరుతున్నప్పుడు, వెనక సీట్లో పొద్దుటి నుంచీ నోరు విప్పని ఒకావిడ మెల్లగా చెయ్యెత్తింది.

"మ్యాడం, గోడ మీది బొమ్మ గురించి మీరు చెప్పింది... గది అట్ల కాదేమో."

అందరూ నన్నే చూస్తున్నారు. డ్రైవరు అప్పటికే గేరు వేశాడు.

"భయ్యా, ఇంజను ఆపు" అన్నాను. గొడుగు పట్టుకుని ముందు నేనే దిగాను.