మన్మథరావు గారి లావు తీగలు

నాతవరం బడిలో ఐదో తరగతి దాకా చదివి, నర్సీపట్నంలో నాలుగు లావు తీగల బేస్ గిటారు పట్టిన మొదటి మనిషి మన్మథరావు గారే. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవారు కాబట్టి కాదన్నవాళ్లు లేరు. తాసీల్దారు గారి ముందు వాయించారు. వానలో గొడుగు కింద వాయించారు. ఏం వాయించారో మాత్రం ఎవరూ చెప్పలేరు. వినపడితే కదా.

ఎనభై ఐదులో, ఆయన వాయించే ఆర్కెస్ట్రాని నడిపే లోవరాజు కీబోర్డు కొన్నాడు.

"మీ గిటారు కనపడతంది గానీ ఇనపడట్లేదండి. శనివారం పెళ్లిలో కూడా ఇంతేనంటే, ఆ ముక్కేదో నేనే ఎడంసేత్తో కీబోర్డు మీద వాయించీసుకుంటాను," అన్నాడు.

ఇన్నేళ్ల కళాసేవ ఒకడి ఎడంచేతి పాలవడమా! తప్పు తనదయ్యే వీలు లేదు గనక, తీగలదేనని తేల్చారు మన్మథరావు గారు. అందులో కొంత నిజమూ ఉంది. ఏటా ఆయుధపూజకి లారీలవాళ్లు లారీలకి పెట్టినట్టే, ఆయన నాలుగు తీగలకీ పసుపూ గంధమూ దట్టంగా పట్టించేవారు. తుడిస్తే పాపమని తుడిచేవారు కారు. ఆ భక్తంతా తీగల చుట్లలో గట్టిపడి, మీటితే తలగడని కొట్టినట్టు దుబ్బుమనేది.

కొత్త తీగలకని విశాఖపట్నం వెళ్తే కొట్టాయన అడిగాడు: "నున్నటి తీగలా, గరుకువా? నున్నవైతే వేలికి సుఖం, మెత్తగా పలుకుతాయి. గరుకువి గంటలా మోగుతాయి."

"ఎనక వరసలో ముసలాళ్లకీ ఇనపడాలి," అని గరుకువి తెచ్చుకున్నారు.

శనివారం కృష్ణదేవిపేట పెళ్లిలో అందరికీ వినపడింది. ఆయన ఇన్నాళ్లూ ఏం వాయిస్తున్నారో లోకానికి తెలిసింది. పాడుతున్న శారదాంబ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. వేలు జరిపినప్పుడల్లా తీగ పందికొక్కులా కీచుమంది.

"ఆ ఎనకాయన ఏరే పాట వాయిస్తన్నాడేటి?" అన్నాడు వెనక వరస ముసలాయన.

లోవరాజు ఎడమచేతి వేళ్లు విరుచుకున్నాడు. అది మన్మథరావు గారు చూశారు.

భోజనాల విరామంలో పేరంటం పళ్లెం అడిగి తెచ్చుకున్నారు. "కొత్తవాటికి పూజ మరిసిపోయాను, అదే లోపం," అంటూ పసుపూ గంధమూ కలిపి నాలుగు తీగలకీ పట్టించారు, ఒక చుట్టు కూడా కనపడకుండా.

తర్వాతి పాటకి హాయిగా దుబ్బు, దుబ్బు. కొత్త తీగలు గనక మోత వినపడింది గానీ, స్వరమేదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాలేదు. శారదాంబ వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడు కుదిరిందండి. కడుపులోకి కొడతంది," అన్నాడు లోవరాజు.

"తీగలు ఎంచుకోడం రావాల," అన్నారు మన్మథరావు గారు, పచ్చటి వేళ్లు పంచెకి తుడుచుకుంటూ.