పోలమ్మ పేరు

మాది జువ్వలదిన్నె. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది, అమ్మల త్యాగాలను సత్కరించే ఒక టీవీ కార్యక్రమానికి మా అమ్మ కథ రాసి పంపాను. సముద్రం మీద చేపల వేటకెళ్లిన నాన్న తిరిగి రాకపోతే, ఎండుచేపలు అమ్మి నన్ను చదివించిన అమ్మ. మమ్మల్ని పిలిచారు.

స్టేజీ మీద శాలువా కప్పి, "బిడ్డ కోసం మీరు చేసిన త్యాగం చెప్పండమ్మా" అంది యాంకర్.

అమ్మ తల వంచుకుంది. "నేనేం చేసినా తల్లీ! మా పెద్దది పోలమ్మని అయిదో తరగతిలో బడి మాన్పించి, చేపలెండేసే కాడ కూర్చోబెట్టినా. అది కాకుల్ని తోలతా ఉంటే ఇది చదువుకునింది. ఈ శాలువా దానికి కప్పాల."

నేను తలెత్తలేకపోయాను.

ఇంటికి రాగానే అమ్మ, "టీవీలో నీ పేరు చెప్పినా పోలమ్మా" అంది. ఆ ఆదివారం పొద్దున అక్క వీధిలో వాళ్లందర్నీ పిలుచుకొచ్చి టీవీ ముందు కూర్చుంది. అమ్మ కనిపించింది. శాలువా కనిపించింది. నా కన్నీళ్లూ కనిపించాయి. అక్క గురించి అమ్మ చెప్పిన మాటలు మాత్రం రాలేదు. కత్తిరించేశారు.

అక్క ఆ తర్వాత వచ్చిన ప్రకటనలన్నీ కూడా ఓపిగ్గా చూసింది. చివరికి లేచి, "ఎండెక్కింది, చేపలు తిరగెయ్యాల" అంటూ వెళ్లిపోయింది.

అందరూ టీవీ వాళ్లను తిట్టారు. కానీ నేను పంపిన మూడు పేజీల్లోనూ పోలమ్మ పేరు ఎక్కడా లేదు. కావాలని వదిలెయ్యలేదు. రాసేటప్పుడు అక్క నాకు గుర్తే రాలేదు.