గడప బయట బూట్లు

మోంటానాలో నలభై ఎకరాలు కొన్నానని చెప్పగానే, ఎడిసన్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ కరివేపాకు దొరుకుతుందా?" దొరకదన్నాను. "మరింకేం పనే నీకక్కడ? రిమోట్ జాబ్ ఇచ్చింది ఇంట్లో కూర్చుని చేస్కోమని. మంచులో మేకలు కాసుకోమని కాదు." అక్క అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఊరికి దూరం, కాటికి దగ్గర అన్నట్టుండే ఆ చోటుని మొదటిసారి చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించని మనిషికి సరిపోయే చోటే అనుకుని కొనేశాను.

అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది. నేను గుంటూరు చేరేసరికి దహనం అయిపోయింది. అందరూ ఏడుస్తుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. "ఏడువే, గుండె తేలికవుతుంది," అంది పిన్ని. ప్రయత్నించాను కూడా, రాలేదు. తిరిగొచ్చి, అప్పట్లో నేనుండే హెర్న్‌డన్‌లో ఆఫీసుకి వెళ్లాను, మీటింగుల్లో మాట్లాడాను, ఎవరో జోకు వేస్తే నవ్వాను. లోపల మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

మోంటానాలో నాది ఒంటిగది చెక్క ఇల్లు. మధ్యలో కట్టెల పొయ్యి, బయట బోరు, కాస్త దూరంలో కొట్టం. పగలు లాప్‌టాప్ ముందు ఉద్యోగం, మిగతా పొద్దంతా కట్టెలు కొట్టడం, కంచె బిగించడం. దగ్గరలో ఉన్న ఒకే ఒక్క మనిషి, పశువుల్ని పెంచే ఒక పెద్దావిడ. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. నాకు చూడి మేకని అమ్మింది ఆవిడే. అమ్మేటప్పుడే చెప్పింది. "తొలిచూలు. చలికాలంలో ఈనితే నువ్వు దగ్గరుండాలి. తడిపిల్లని వెంటనే తుడిచి వెచ్చగా పెట్టకపోతే చచ్చిపోతుంది."

ఏ కోరికా లేని ఆ రోజుల్లో, ఆ మేకా దాని పిల్లా బతకాలని మాత్రం నాకు గట్టిగా ఉండేది. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడల్లా వాకిట్లో ఆగి నా బూట్లకేసి చూసేది. "వీటిని లోపల పెట్టుకో హనీ. ఇక్కడెవరూ బయట వదలరు." నేను తలూపేదాన్ని, అంతే. చెప్పులు గడప దాటి లోపలికొస్తే లక్ష్మి బయటికి పోతుందని అమ్మ అనేది. ఆ చెక్కింట్లో లక్ష్మి ఎక్కడ కూర్చుంటుందో నాకూ తెలియదు, కుర్చీ కూడా ఒక్కటే. అయినా మంచు బూట్లు, పరుగు బూట్లు, వాన బూట్లు, అన్నీ గడప బయట వరసగా ఉండేవి. లోపల, ఎప్పుడూ గడప దాటని రబ్బరు చెప్పులొక్కటే.

ఫిబ్రవరిలో ఒకరోజు ఉన్నట్టుండి వెచ్చబడి వాన పడింది. గాలికి జల్లు వరండాలోకి కొట్టింది. తెల్లారేసరికి చలి తిరగబెట్టి మంచు తుఫానైంది. కొట్టంలోంచి మేక అరుపు వినిపించింది. ఈనే అరుపని ఎవరూ చెప్పక్కర్లేదు.

తలుపు తీసి బూటులో కాలు పెడితే దిగలేదు. లోపల నీళ్లు చేరి గడ్డకట్టాయి. రెండో జత చూశాను, మూడోది చూశాను. అన్నీ రాళ్లే. పొయ్యి దగ్గర కరిగించేంత వ్యవధి లేదు, మేక మళ్లీ అరిచింది. ఉన్న మేజోళ్లన్నీ తొడుక్కుని, వాటిపైన బ్రెడ్డు కవర్లు కట్టుకుని, రబ్బరు చెప్పులు ఇరికించుకుని బయల్దేరాను. కొట్టం చేరేలోపు ఒక చెప్పు మంచులో పోయింది. వెతకలేదు.

పిల్ల అడ్డం తిరగలేదు, అదొక్కటే అదృష్టం. కానీ తొలిచూలు మేక, ఎంతకీ ఈనదు. దాని నడుము పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. పాదాలు ముందు మండాయి, తర్వాత సలిపాయి, ఆ తర్వాత ఏమీ లేదు. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది. అలా ఉండడం నాకు అలవాటే కదా. పిల్ల బయటపడగానే గోనెసంచితో తుడిచాను. తల్లి నాకింది. పాలు తాగించి, తల్లికి గడ్డి వేసి, పిల్లని స్వెట్టర్‌లో పెట్టుకుని ఇంటికొచ్చాను. కాళ్ల కింద నేల ఉందో లేదో తెలియలేదు.

అప్పటికే తుఫాను తగ్గింది, పెద్దావిడ ట్రాక్టర్‌తో దారి శుభ్రం చేస్తూ వచ్చింది. నేను పాదాలు పొయ్యికి ఆనించబోతున్నాను.

"ఆగు. కాలినా తెలియదు నీకు," అంటూ నన్ను వెనక్కి లాగింది. తొట్టెలో గోరువెచ్చని నీళ్లు పోసి పాదాలు పెట్టించింది. పక్కన అట్టపెట్టెలో మేకపిల్ల అరుస్తోంది. "అది బాగానే ఉంది. ఇప్పుడు నీ సంగతి చూద్దాం. నొప్పి పుడుతుంది, ఓర్చుకో. పుట్టకపోతేనే భయపడాలి."

కాసేపు ఏమీ లేదు. ఆవిడ ముఖంలో దిగులు కనిపించింది. తర్వాత ఎడమకాలి బొటనవేలిలో సూది గుచ్చినట్టైంది, ఆ వెంటనే రెండు పాదాలూ ఒక్కసారిగా నిప్పుల్లో పెట్టినట్టైంది. పళ్లు బిగబట్టాను.

ఆవిడ లేచి తలుపు తీసి, నా బూట్లు మూడు జతలూ చేతుల్లోకి ఎత్తుకుని లోపలికి తెచ్చింది. గడప దాటించి పొయ్యి పక్కన పెడుతుంటే నా నోట్లోంచి తెలుగే వచ్చింది.

"వద్దండీ, అమ్మ తిడుతుంది."

"ఏమన్నావ్?" అంది ఆవిడ.

ఇంగ్లీషులో చెప్పాను, బూట్లు లోపలికి తెస్తే మా అమ్మ తిడుతుందని.

"మీ అమ్మ ఎక్కడుంటుంది?"

ఆ ప్రశ్న చాలామంది అడిగారు. పోయిన ఏడాది పోయిందని, ఆఫీసులో సెలవు కారణం చెప్పినట్టు చెప్పేదాన్ని. ఈసారి చూపు బూట్ల మీదికి పోయింది. బూట్లలోని మంచు కరిగి నేలంతా తడి అవుతోంది. తిట్టడానికి ఎవరూ లేరు.

"లేదు," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయాను.

ఆవిడ తొట్టె పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది. "ఏడువు హనీ. కాళ్లకి ప్రాణం తిరిగొచ్చేటప్పుడు అందరూ ఏడుస్తారు," అంది.

కాళ్లకే ఏడుస్తున్నానని అనుకుంది పాపం. నేనూ కాదనలేదు.