బండి ముందు కట్టిన తెల్ల ధోతి

మొన్న మెదక్ బస్టాండు దగ్గర ఒక పాత జీపు ముందుమూత ఎత్తి పెట్టి ఉంది. లోపల నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. తుప్పూ కాలిన రబ్బరూ కలిసిన ఆ ఆవిరి ముక్కుకు తగలగానే కూరగాయల సంచి కింద పెట్టి నిలబడిపోయాను. దావీదు కాక గుర్తొచ్చాడు.

దావీదు కాక దవాఖాన చిన్నలారీకి డ్రైవరు. నేను పెళ్లయి మెదక్ వచ్చేనాటికి మా వెనకింట్లో ఉండేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. ఆదివారం చర్చికి పోయేటప్పుడు తప్ప ఒంటి మీంచి ఖాకీ దిగేది కాదు. ఒకనాడు మా పొయ్యి ఇల్లంతా పొగ చేస్తుంటే అత్త నన్ను తిడుతోంది, నేను కట్టెలను తిడుతున్నాను. కాక గోడ అవతలి నుంచి ఎన్నటి నుంచి ఇలా అవుతోందని, ముందురోజు ఏం చేశామని అడిగాడు. పొయ్యికి కొత్తగా మట్టి మెత్తానని చెప్పాను. "అయితే తిట్టుడు బందు చేసి జర ఎండనియ్యుండ్రి" అని తన పనికి తాను పోయాడు. దేన్ని బాగు చేయాలన్నా ఆయన ముందు అడిగేది అదే.

పోలీసు యాక్షను రోజుల్లో మా అక్కకు తొలి కాన్పు. ఆమెది పాపన్నపేట. తోడుగా నేను అక్కడే ఉన్నాను. రెండో రోజుకు కూడా బిడ్డ రాకపోయేసరికి మంత్రసాని చేతులెత్తేసింది. బావ సైకిలు మీద మెదక్ పోయి దవాఖాన డాక్టరమ్మ కాళ్లావేళ్లా పడితే ఆమె కాకను లారీతో పంపింది. అప్పటికే ఊళ్లో ఒక మాట పుట్టింది. మిలిట్రీ వస్తోందనీ, తెల్లగుడ్డ లేకుండా రోడ్డెక్కిన బండిని కాల్చేస్తారనీ. కాక లారీకి కర్రకు కట్టిన చేతిరుమాలంత గుడ్డ ఉంది. అది ఎవరికి కనబడుతుంది? నేను బావ ఉతికిన ధోతి తెచ్చి, రెండు మడతలు వేసి, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా బండి ముఖానికి బిగించి కట్టాను. అందరూ మెచ్చుకున్నారు. కాక కూడా తల ఊపాడు.

అక్కను లారీ వెనక పడుకోబెట్టుకుని రెండు మైళ్లు పోయామో లేదో బుస్సుమని ఆవిరి లేచింది. కాక బండి ఆపి, చల్లారేదాకా ఆగి, గోనెపట్టా వేసి మూత తిప్పి, కొద్దికొద్దిగా నీళ్లు పోశాడు. మళ్లీ మైలు కూడా పోలేదు, మళ్లీ మసిలింది. అక్క తల ఒళ్లో పెట్టుకున్న బావ ఉండబట్టలేక అన్నాడు: "ముసలి బండి, ముసలి డ్రైవరు. ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు."

కాక మళ్లీ కిందికి దిగాడు. బండి కింద వంగి చూశాడు, నేల పొడిగా ఉంది. పంకా బెల్టును బొటనవేలితో నొక్కాడు, బిగువుగానే ఉంది. రబ్బరు గొట్టాలు తడిమాడు, ఎక్కడా పగుళ్లు లేవు. అప్పుడు నడుము మీద చేతులు పెట్టుకుని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"పొద్దుగాల వచ్చేటప్పుడు సల్లగ వచ్చింది. బండి గిదే, తొవ్వ గిదే. నడుమ మారిందేంది?"

అలా అంటూ ముందుకు వచ్చి ఆగిపోయాడు. నన్ను పిలిచి, ధోతి మీద చెయ్యి పెట్టమన్నాడు. పెట్టాను. పంకా లోపలికి లాగుతుంటే గుడ్డ బండి ముందున్న ఇనుప జాలికి అతుక్కుపోయి ఉంది. గాలి పోయే సందే లేదు.

"బండి ముక్కు మూసినం బిడ్డా. నా కండ్ల ముందలనే కట్టినవ్. భయానికి నాకు అవుపడలే."

విప్పితే కాల్చేస్తారని బావ అడ్డుపడ్డాడు. విప్పకపోతే బండి కదలదు. అక్క మూలుగు కూడా సన్నబడిపోతోంది. నేను ముడులు విప్పాను. డ్రైవరు గదికి వెనక నిలబడి, ధోతిని రెండు చేతులా పరిచి పైకెత్తి పట్టుకున్నాను. కాక వద్దనలేదు. కాళ్లు గట్టిగా ఆనించుకోమని మాత్రం చెప్పాడు. కొంతదూరంలో మిలిట్రీ బండ్లు ఎదురొచ్చాయి. గుడ్డను ఇంకా పైకెత్తాను. ఒక సిపాయి గుడ్డను చూశాడు, కింద పడుకున్న అక్కను చూశాడు, పొమ్మని చెయ్యి ఊపాడు. బండి మళ్లీ మసలలేదు.

దవాఖాన మెట్ల మీద డాక్టరమ్మ మండిపడింది. ఇంత ఆలస్యమైతే తల్లి దక్కుతుందా అని అడిగింది. నేను, బావ ఇద్దరం పక్కనే ఉన్నాం. కాక తల వంచుకుని, "పాత బండి అమ్మా, మసిలింది" అన్నాడు. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. అక్క బతికింది.

వారం తరువాత గోడ దగ్గర అడిగాను, నిజం ఎందుకు చెప్పలేదని.

"నువ్వు కట్టింది బతకనీకె గద బిడ్డా" అన్నాడు, అంతే.

ఇప్పటికీ ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చినా, కోడళ్లకు మాటామాటా పెరిగినా, నిన్నటికీ ఈరోజుకీ ఏం మారిందని మొదట అడుగుతాను. నా చెయ్యేమైనా ఉందా అని కూడా చూసుకుంటాను. అది ఆయన పెట్టిన భిక్ష. కానీ అక్క ఆనాడు స్పృహలో లేదు. బతికినన్నాళ్లూ "ఆ ముసలి బండి నిన్ను పొట్టన పెట్టుకునేదే" అని కూతురికి చెప్పింది. నేను విని ఊరుకున్నాను, బావా ఊరుకున్నాడు. కాక పోయాడు, అక్కా బావా పోయారు. ఆ కూతురు ఇది చదువుతుంది. అమ్మా, ఆ బండిలో ఏ లోపమూ లేదు. ఆ గుడ్డ కట్టింది నేను.