వాలు తెలిసిన మనిషి

కోదాడ వెళ్లే బస్సు ఒక తాటితోపు పక్కన ఆగింది. కిటికీలోంచి పులిసిన కల్లు వాసన గుప్పుమంది. పక్కావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు ఆ వాసన వస్తే యాదగిరి సారు గుర్తొస్తారు. ఆయన జన్మలో కల్లు ముట్టలేదు. అందుకే గుర్తొస్తారు.

సూర్యాపేటలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు ఫిజిక్స్ చెప్పేవారు. ఒకరోజు బల్ల మీద ఒక చెక్కను వాలుగా పెట్టి, పైనుంచి ఇనుప గుండు వదిలితే అది ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, కింద ఆ చోట ముందే స్టీలు గ్లాసు ఉంచారు. గుండు వచ్చి గ్లాసులోనే పడింది. "ఎంత ఎత్తు నుంచి వదిలినమో తెలిస్తే యాడ పడతదో ముందే చెప్పొచ్చు. కారణం లేకుండ లోకంల ఏదీ కాదు," అన్నారు. మాది ఆత్మకూరు దగ్గర గొర్రెలు పెంచే కుటుంబం. మా తాత కోపానికీ నాన్న కోపానికీ ఊరంతా జడిసేది; నాకూ అదే వచ్చిందని అమ్మ వాపోయేది. అందుకే లేచి అడిగాను. "సార్, మనం గూడ గా గుండు లెక్కనేనా? తాత ఎట్లుంటే మనం గట్లేనా?"

ఆయన గ్లాసులోంచి గుండు తీసి చేతిలో పట్టుకున్నారు. "నాకు గూడ అదే సందేహం మంగా. జర టైమియ్యి."

ఆ ఏడాదే ఆయన తండ్రి తాగి తాగి కాలేయం చెడి చనిపోయారు. కొందరు పిల్లలం తుంగతుర్తి దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లాం. అంత్యక్రియలు అయ్యాక మగవాళ్లంతా పందిరి కింద కూర్చున్నారు. సారు పెదనాన్న ఒక గ్లాసు నిండా కల్లు పోసి ఆయన చేతిలో పెట్టాడు.

"తాగు బిడ్డా. ఈ ఇంట్ల తాగని మొగోడు పుట్టలే. ఇయ్యాల గాకుంటే రేపు తాగుతవ్. నీ రక్తంల ఉన్నది."

"ఉన్నది పెద్దనాయినా. అందుకే వద్దు," అని సారు గ్లాసును మెల్లగా తిరిగి ఇచ్చేశారు.

మమ్మల్ని బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చారు. నడుస్తూ నాతో అన్నారు. "తాగాలని నాకు మస్తుగ అనిపించింది. ఆ ఆశ నేను తెచ్చుకున్నది కాదు, తాతల నుంచి వచ్చింది. కాని తను వాలు మీద ఉన్నట్టు గుండుకు తెల్వదు. నాకు తెలుసు. తెలుసుకునుడు గూడ ఒక కారణమే గద."

"ఆ తెలుసుకునుడు గూడ ముందే రాసిపెట్టి ఉంటే, సార్?"

తండ్రిని సాగనంపి వచ్చిన మనిషి నవ్వారు. "ఉండనీ. రాసిపెట్టి ఉన్నా చెయ్యాల్సింది నేనే గద. నా బదులు ఇంకొకరు చెయ్యరు."

అంతా ముందే రాసి ఉంటుందా, మన చేతుల్లో ఏమైనా ఉందా అన్న ఈ తగవు గురించి తర్వాత చాలా చదివాను. తీరలేదు. తీర్చానని సారు కూడా ఎన్నడూ అనలేదు; పోయేదాకా ఆ మాట మీద నిలబడి బతికారు, అంతే. ఆయన శిష్యురాలినని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

నేనిప్పుడు కోదాడలో ఫిజిక్స్ చెబుతున్నాను. నిరుడు ల్యాబులో ఒక విద్యార్థి వద్దన్నా వినకుండా తీగలు కలిపి కొత్త మీటరు కాల్చేశాడు. నా చెయ్యి లేచింది. అది మా తాత చెయ్యి. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అబ్బాయి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. చెయ్యి దించి, కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను.

"కొట్టరా మేడం?" అన్నాడు ఒక కన్ను తెరిచి.

"కొట్టాలనే ఉంది. కొట్టను."

ఆ రెండో మాట మా వంశంలో మొదట అన్నది నేనే.