కడవ మోసే మనిషి వెనక

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి మా తాత. పొద్దున లేచి పొలానికి పోయి, మాపటికి వచ్చి, సంగటి తిని పడుకునేదాకా ఆయన నోట్లో నుంచి నాలుగు మాటలు రాలితే ఆ రోజు ఇంట్లో ఏదో విశేషం జరిగినట్టే. మా జేజి అందుకు సరిగ్గా ఎదురు. నాయనమ్మను మా వైపు జేజి అనే పిలుస్తాం. మనుషులు దొరక్కపోతే ఆమె గోడతోనైనా ముచ్చట పెట్టగలదు. ఈ ఇద్దరికీ పెళ్ళి ఎవరు కుదిర్చారా, వీళ్ళు ఏం మాట్లాడుకుంటారా అని నాకు తెగ ఆరా. ఆ మాటకొస్తే నాకు ప్రతిదానికీ ఆరానే. ఈ పిల్ల కడుపులో ప్రశ్నలు తప్ప ఇంకేం లేవని మా అమ్మ విసుక్కునేది.

మా పల్లె సోమల వైపు, పుంగనూరుకు కాస్త దూరంలో ఉండేది. బస్సు రోడ్డు ఊళ్ళన్నీ చుట్టి పోతుంది కాబట్టి మావాళ్ళంతా అడ్డంగా కాలిబాటనే నడిచేవాళ్ళు. ఒక పక్క ముళ్ళకంచె, ఇంకో పక్క వంక, మధ్యలో ఆ బాట. కట్టెల మోపులు, గొర్రెల మందలు, సైకిళ్ళు, బడికి పోయే మేము, అందరికీ అదొక్కటే దారి. మా ఇంట్లో నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవులు రెండు ఉండేవి. మా జేజి రోజూ తలమీద చుట్టకుదురు పెట్టుకుని, దానిమీద పెరుగు కడవ ఎత్తుకుని ఆ బాటనే టౌనుకు పోయి అమ్ముకొచ్చేది. పెరుగు అమ్మడం ఒక ఎత్తు, తిరిగొచ్చేటప్పుడు టౌను కబుర్లు మోసుకురావడం ఇంకో ఎత్తు. ఫలానా ఇంట్లో కోడలికి నెల తప్పిందనీ, ఫలానా అంగడాయన మళ్ళీ బీడీలు మొదలుపెట్టాడనీ మాకు ఆమె ద్వారానే తెలిసేది. ఆమె బతుకంతా ఆ దారిలోనే ఉండేది.

ఆ బాటకు ఒక మర్యాద ఉండేది. ఎదురొచ్చిన మనిషినైనా, వెనక నుంచి వచ్చిన మనిషినైనా ముఖం చూసి "యాడికి పోతాండావు?" అని అడగకుండా పోనివ్వకూడదు. అడగలేదంటే మనసులో ఏదో పెట్టుకున్నారని అర్థం. ఆ ఒక్క పలకరింపు మరిచినందుకు పండగ దాకా మాటలు మానుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

ఆ మర్యాదే ఒకరోజు మా జేజి కొంప ముంచింది. మా వీధి చివరింటి టైలరన్న అప్పట్లో పుంగనూరులో ఒక కుట్టు అంగడిలో పనిచేసేవాడు. వాళ్ళింట్లో ఉర్దూ, మాతో తెలుగు. నెమ్మదైన మనిషి. ఆ రోజు సైకిల్ మీద జేజి వెనకగా వస్తూ, చప్పుడు చేయకుండా పక్క నుంచి దూసుకుపోతే అవ్వ అదిరిపడుతుందని మర్యాదగా గంట కొట్టాడు. వెనక ఎవరో వస్తున్నారు, ముఖం చూసి పలకరించకపోతే బాగుండదని మా జేజి మర్యాదగా వెనక్కి తిరిగింది. తల తిరిగితే తలమీది కడవ ఊరుకుంటుందా? కడవ పోయి వంకలో పడింది. జేజి పోయి కంచెలో పడింది. ఇద్దరి మర్యాదా కలిసి ఆమె తుంటి మీదికి వచ్చింది.

ఆమెను సైకిల్ మీద కూర్చోబెట్టి ఇంటిదాకా నెట్టుకొచ్చింది కూడా ఆ అన్నే. ఆ తర్వాత రోజూ సాయంత్రం చూడటానికి వచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గర తలొంచుకుని నిలబడేవాడు. జేజి అతన్ని పల్లెత్తు మాట అనలేదు. "వాడేం జేసినాడు పాపం, గంట కొట్నాడు, అంతే కదా" అనేది.

కట్టు కట్టారు, ఆకు పసరు పూశారు, తుంటి బాగైంది. అయినా ఆమె కడవ ఎత్తలేదు. ఎత్తలేదంటే, ఎత్తేది. వీధి చివరిదాకా నడిచేది. బాట మొదలయ్యే చోట కాసేపు నిలబడి, ఇంటికి తిరిగొచ్చేది. కాలు నొప్పిగా ఉందా జేజీ అని అడిగాను. "కాలికేం, బాగైంది. ఈపుకే బయం పోలేదు" అంది. వీపుకు భయమేమిటో నాకు అర్థం కాలేదు. రెండు మూడుసార్లు గోడకు నా వీపు ఆనించి, దీనికి ఏం తెలుస్తుందా అని చూసుకున్నాను కూడా.

పెరుగు టౌనుకు మోసేవాళ్ళు లేక మజ్జిగ వీధంతా పంచాం. చివరికి మా నాయన, వచ్చే పశువుల సంతకు ఆవుల్ని తోలి అమ్మేద్దామన్నాడు. ఆయన కోపంతో అనలేదు, దారి లేక అన్నాడు. ఆ పూట జేజి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి పిలిస్తే లేవలేదు. నోరు మూతపడని మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ఇల్లంతా బావురుమంటున్నట్టు ఉండింది. నాకు ఏడుపు వచ్చింది.

మరుసటి పొద్దున జేజి అలవాటు కొద్దీ కడవ ఎత్తుకుని గడప దాటుతుంటే, మా తాత అరుగు మీద నుంచి లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నడువు, ఎనక నేనుండాను" అన్నాడు. ఆ రోజుకు ఆయన కోటా అయిపోయిందనుకున్నాం. ఎండ ఎక్కేసరికి ఇద్దరూ తిరిగొచ్చారు. కడవ ఖాళీ. జేజి ముఖంలో ఏదో నవ్వు, నోటినిండా కబుర్లు.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అట్లా ఎట్లా పోగలిగావని అడిగితే జేజి నవ్వి, పోయి మీ తాతను అడగమంది. తాతను అడిగితే ఆకాశం వైపు చూశాడు. ఇక నాకు నిద్ర పడుతుందా? ఆదివారం బడి లేదు కదా అని నేనూ వెంటపడ్డాను.

ఊరు దాటి బాట ఎక్కామో లేదో, మా తాత మాట్లాడటం మొదలుపెట్టాడు. నేను నోరు తెరుచుకుని చూశాను. ఆపితే కదా. ఈ చేనికి మందు ఎక్కువైంది, ఆ మోటరు శబ్దం బాగలేదు, నిన్న ఎర్రావు సరిగా మేయలేదు. మధ్యలో అదే గొంతుతో, "ఎనక సైకిలు వస్తాండాది, ఇంకా దూరంలో ఉండాది, నీ కుడిపక్క పోతాది, నువ్వు అట్లే నడువు" అని చెప్పేవాడు. సైకిల్ పోయాక మళ్ళీ అందుకునేవాడు. ఏ వార్తా దొరకనప్పుడు వాళ్ళ పెళ్ళి ఎత్తుకున్నాడు. ఆనాడు మా జేజి వాళ్ళ అన్న వడ్డించిన పులుసులో ఉప్పు లేదట. ఇన్నేళ్ళూ ఆ సంగతి కడుపులో పెట్టుకుని ఉన్నాడు మహానుభావుడు. జేజి తల తిప్పకుండానే, ఉప్పు లేని పులుసు మూడుసార్లు ఎవరు పోయించుకున్నారో తనకు తెలుసులే అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. టౌను రోడ్డు ఎక్కి, మొదటి ఇంటి అరుగు మీద కడవ దించగానే ఆయన నోరు మళ్ళీ మూతపడిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు పట్టుకున్నాను ఆయన్ని. దారిలో ఎందుకంత మాట్లాడతావు తాతా, ఇంట్లో ఎందుకు మాట్లాడవు అని. ఆయన మోటరు దగ్గర ఆగి, జేజి చేతిలోని పెరుగు కొలిచే చిన్న ముంతను సగందాకా నీళ్ళతో నింపాడు. నా తలమీద చుట్టకుదురు పెట్టి, దానిమీద ముంతను నిలబెట్టాడు. "పో ముందర" అన్నాడు.

మొదట సరదాగానే ఉంది. కొంచెం దూరం పోయాక నా కాళ్ళు నాకే కనబడటం లేదని తెలిసింది. మెడ అటూ ఇటూ కదపడానికి లేదు. కళ్ళ ముందున్న ఆ కాస్త దారి తప్ప లోకమంతా నా వెనకే ఉంది. తాత వస్తున్నాడా, ఆగిపోయాడా? చెప్పుల చప్పుడు వినబడింది, అది ఆయనదో ఇంకెవరిదో తెలియలేదు. ఏదో గబగబా దగ్గరికి వచ్చింది. కుక్కా? దూడా? అటు జరగాలా, ఇటు జరగాలా? వెన్ను మీద నుంచి మెడదాకా జిల్లుమంది. అప్పుడు తెలిసింది నాకు వీపు భయమంటే ఏమిటో. చేతులు పైకెత్తి ముంత పట్టుకోబోతుంటే తాత గొంతు వినిపించింది. "మేకపిల్ల. నీ ఎడమపక్క పోతాండాది. నేను ఈడనే ఉండాను." ఆ మాటతో నా భుజాలు వాటంతట అవే దిగిపోయాయి. ఇక ప్రశ్న అడగాల్సిన పని లేకపోయింది.

అంతలో వానలు పడి తాతకు జ్వరం పట్టింది. నాయన ఊళ్ళో లేడు, అమ్మ ఆవుల దగ్గర. ఆవుల్ని తోలేద్దామన్న మాట నాయన ఇంకా వెనక్కి తీసుకోలేదు, సంత దగ్గరపడుతోంది. జేజి కడవ ఎత్తుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె ఈ రోజు వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేసిందంటే ఇక ఎప్పటికీ పోదని నాకెందుకో అనిపించింది. నేను వస్తానన్నాను. మంచంలో నుంచి తాత దుప్పటి తీసి నన్ను చూశాడు. "అరవబాకు. సెప్పు" అన్నాడు.

ఆ పొద్దున నేను చెప్పని సంగతి లేదు. బడిలో ఎవరు ఎవరిని గిల్లారో, అయ్యవారు ఏ పూట కునుకు తీస్తాడో అన్నీ చెప్పాను. జేజి ఊ కొడుతూ నడిచింది. వంక బాగా లోతుగా ఉండేచోట బాట సన్నబడుతుంది. సరిగ్గా అక్కడ ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. మంద వస్తే మనిషే ఒదగాలి, మధ్యలో దూరితే మంద చీలిపోయి పిల్లలు తల్లుల నుంచి తప్పిపోతాయి. జేజి కంచెవైపు ఒదిగి నిలబడింది. ఆమె వెనక నేను నిలబడ్డాను. గొర్రెలు ఆమె మోకాళ్ళను రాసుకుంటూ పోతున్నాయి.

ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. టైలరన్న సైకిల్ మీద వస్తున్నాడు. అతని బొటనవేలు గంట మీదికి పోతోంది.

గట్టిగా కేక వేయబోయి నోరు నొక్కుకున్నాను. చెయ్యి పైకెత్తి అడ్డంగా ఊపాను. అతను గంట మీద నుంచి వేలు తీసేసి, సైకిల్ దిగి, ఉన్నచోటే నిలబడిపోయాడు. అప్పుడు చెప్పాను జేజికి. తాత చెప్పినట్టు అరవకుండా, మామూలు గొంతుతోనే చెప్పాను. "జేజీ, ఎనక టైలరన్న ఉండాడు. సైకిలు దిగినాడు. నిలబడినాడు. నువ్వు తిరగబాకు."

ఆమె భుజాలు బిగుసుకున్నాయి. కడవ మూతి మీద కట్టిన గుడ్డ కదిలింది.  మందలో చివరి గొర్రె దాటిపోయింది. ఆ తర్వాత జేజి, తల ఇంతైనా తిప్పకుండా, ఎదురుగా ఉన్న ఖాళీ దారిని చూస్తూ గట్టిగా అడిగింది.

"యాడికి పోతాండావు నాయనా?"

 "అంగిడికి పోతాండానవ్వా" అన్నాడు వెనక నుంచి.  "నువ్వు ముందర నడువవ్వా. నేను నిదానంగా వస్తాను." టౌను రోడ్డు వచ్చేదాకా సైకిల్‌ను నెట్టుకుంటూ మా వెనకే నడిచాడు. దారిపొడుగునా జేజి ముందుకు చూస్తూ వాళ్ళ అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించీ, వాళ్ళ చెల్లెలి కాన్పు గురించీ అడుగుతూనే ఉంది. అతను చెబుతూనే ఉన్నాడు. నడుమ ఒకసారి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. అది చూసింది నేనొక్కదాన్నే.

ఆవుల్ని సంతకు తోలలేదు. తర్వాత ఆ బాట మీద సైకిళ్ళవాళ్ళు కడవలు, మోపులు మోసేవాళ్ళ వెనక గంట కొట్టడం మెల్లగా మానుకున్నారు. దూరం నుంచే తామెవరో, ఏ పక్క నుంచి వస్తున్నారో నోటితో చెప్పేవాళ్ళు. ఎవరూ పంచాయితీ పెట్టి తీర్మానం చేయలేదు. టైలరన్న మొదలుపెట్టాడు, మిగిలినవాళ్ళకు అబ్బింది.

ఇప్పుడు నేను మదనపల్లెలో ఉంటున్నాను. పొద్దున్నే ఊరి చివర మట్టిదారిలో నడుస్తాను. పాలవాళ్ళ బండ్లు, కురబలకోట వైపు నుంచి గొర్రెలు, పరుగెత్తే కుర్రవాళ్ళు, చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్ళు, అందరం ఆ దారిలోనే. చెవులు మూసుకున్నవాళ్ళకు నా మాట వినబడదు కాబట్టి, వాళ్ళను దాటాల్సి వస్తే దారి వెడల్పయ్యేదాకా వెనకే ఆగుతాను, ఎడంగా తిరిగి పోయి ముందు వాళ్ళ కంటపడతాను. ఎందుకంత నెమ్మదిగా పోతావని నా మనవడు విసుక్కుంటాడు. మా జేజికి పెరుగు కడవ ఉండేదిరా అని మొదలుపెడితే వాడు పారిపోతాడు.

నర్సుగా ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ నాకు ఒక అలవాటు ఉండేది. కట్టు వల్లో, నొప్పి వల్లో మెడ తిప్పలేని మనిషి గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, నా చెయ్యి కంటే ముందు నా గొంతు పోవాలి. తలుపు దగ్గర మొదలుపెట్టి మంచం చేరేదాకా చెబుతూనే ఉండేదాన్ని. తోటి నర్సులు నన్ను వాగుడుకాయ అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించుకోనీ. ఆ మాటలు వింటూ వింటూ బిగుసుకున్న భుజాలు మెల్లగా దిగడం ఎన్నిసార్లు చూశానో.

"నేనేనమ్మా. నీ ఎనకపక్క నుంచి వస్తాండాను. ఇంకా ముట్టుకోలేదు."